సిస్టరమ్మ డ్యూటీ దిగింది

పోయిన వారం మనం సిస్టరమ్మను మంచం కింద వదిలేసి వచ్చాం. నా మీద కోపం తెచ్చుకోకండి, ఆవిడంతట ఆవిడే దూరింది. నీలం సూట్‌కేసు గోడవారకు ఇరుక్కుపోయి ఉంటే, దాని పిడి అందుకోవడానికి నడుం దాకా లోపలికి పాకి చెయ్యి చాస్తుండగా వీధి గేటు కిర్రుమంది. ఆ చప్పుడు ఆగిందో లేదో మళ్లీ కిర్రుమంది. మొదట వచ్చింది కొడుకు, ఆ వెనక వచ్చింది కూతురు. అక్కడ ఆగాం.

ఇప్పుడే కథలోకి వచ్చినవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. సిస్టరమ్మ ప్రసూతి ఆసుపత్రిలో హెడ్‌నర్సుగా చేసి రిటైరయింది. తెల్ల బట్టలు మానేసి చాలాకాలమైనా వీధి మొత్తానికి సిస్టరమ్మే. ఎండలు ముదిరి బడులు మూసేశారంటే కొడుకు బిడ్డ బుల్లి, కూతురి కవల మగపిల్లలు ఆవిడింట్లో దిగుతారు. మళ్లీ బడులు తెరిచేదాకా ఆవిడకు ఊపిరి సలపదు. ఈసారి మాత్రం ఆవిడ గుట్టుచప్పుడు కాకుండా ఒక పని చేసింది. తనతో పనిచేసిన ఆయా ఇప్పుడు సముద్రం ఒడ్డున చిన్న ఊళ్లో ఉంటోంది. ఆ ఊరి పళ్ల డాక్టరమ్మకు ఇక్కడ వేసవంతా ఏదో శిక్షణ ఉందట, ఉండటానికి ఇల్లు కావాలట. ఆయా మధ్యలో ఉండి మాట కుదిర్చింది. డాక్టరమ్మ వచ్చి సిస్టరమ్మ ఇంట్లో ఉంటుంది, సిస్టరమ్మ వెళ్లి డాక్టరమ్మ ఇంట్లో ఉంటుంది. ఈ సంగతి ఆయాకు తెలుసు, మనకు తెలుసు. కన్నబిడ్డలకే తెలియదు.

తెలియదంటే ఆవిడ బొత్తిగా దాచిందని కాదు. "ఈ వేసవికి నేను ఇంట్లో ఉండను, పిల్లల్ని తీసుకురావద్దు" అని ఇద్దరికీ విడివిడిగా ఫోన్లో చెప్పింది. ఎక్కడికి పోతున్నావని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. చెల్లెలు అమ్మను ఎగరేసుకుపోతోందనుకున్నాడు కొడుకు. అన్నయ్య కాజేస్తున్నాడనుకుంది కూతురు. ఇంకో ఇంట్లో అయితే ఒకరికొకరు ఫోన్ చేసుకుని తేల్చుకునేవారు. ఈ ఇంట్లో ఆ అలవాటు లేదు. అన్నాచెల్లెళ్లకు పడకపోవడమంటూ ఏమీ లేదు. చిన్నప్పటి నుంచి అన్నతో చెప్పాల్సిందీ అమ్మకే, చెల్లితో చెప్పాల్సిందీ అమ్మకే చెప్పి చేతులు దులుపుకోవడం మరిగారు, అంతే. అమ్మ చేరవేసేది. పెళ్లిళ్లయి పిల్లలు పుట్టినా అదే వరస నడిచింది. అందుకే ఒకరికి తెలియకుండా ఒకరు, అవతలివాళ్లకంటే ముందు అమ్మను పట్టేసుకుందామని, ఒకే పొద్దున పిల్లల్ని వెంటేసుకుని ఊడిపడ్డారు.

"అమ్మా, ఎక్కడున్నావ్?" అన్నాడు కొడుకు గుమ్మంలోంచి.

మంచం బయట కనిపిస్తున్న రెండు పాదాలు మాత్రం కదిలాయి. సూట్‌కేసు పిడి అప్పుడే చేతికందింది. ఆ క్షణాన ఆవిడకు కొడుకుకంటే అదే ముఖ్యం.

వెనకే కూతురు వచ్చింది. ట్రావెల్ ఆఫీసులో ఉద్యోగం ఆ అమ్మాయిది. ఎండాకాలమంతా జనాన్ని చల్లటి ఊళ్లకు పంపించడం, తను మాత్రం ముఖం కందిపోయేలా ఊళ్లోనే తిరగడం. అన్నను చూసి ఆగిపోయింది. అన్న కూడా చెల్లెల్ని చూశాడు. ఒకరినొకరు ఎగాదిగా చూసుకుని, ఇద్దరూ నడుం వంచి మంచం కిందికి మాట్లాడారు.

"అమ్మా, దాన్నడుగు. నిన్ను తీసుకెళ్లేముందు నాకొక మాట చెప్పాలని తెలీదా?"

"అమ్మా, అన్నయ్యకి చెప్పు. తీసుకెళ్లేది తనైతే మధ్యలో నన్నంటాడేంటని."

పిల్లలకు ఈ రభస పట్టలేదు. పెరట్లో నీళ్లపైపు ఎక్కడ చుట్టి ఉంటుందో ముగ్గురికీ తెలుసు. కాసేపట్లోనే పెరడంతా కేకలు, నీళ్ల చప్పుడు. మామూలు రోజైతే తలలు తుడుచుకోమని సిస్టరమ్మ ఇక్కణ్నుంచే గసిరేది. ఇవాళ నోరు మెదపలేదు.

సూట్‌కేసుతో సహా బయటికొచ్చి, దాన్ని మంచం మీద పడేసి మూత తెరిచింది. జుట్టుకు బూజు అంటుకుని ఉంది. కూతురు తియ్యబోతే తల పక్కకు తిప్పుకుని తనే తీసేసుకుంది. తడిగుడ్డతో సూట్‌కేసు లోపలంతా తుడిచి, దండెం మీద సిద్ధంగా ఉంచుకున్న నూలు చీరలు ఒక్కొక్కటే సర్దడం మొదలుపెట్టింది. చీరల మీద మోకాలి పట్టీ, దానిమీద వెడల్పు అంచున్న టోపీ.

"ఆ టోపీ ఎవరికమ్మా?" అంది కూతురు.

"నాకే."

కొడుకు అప్పుడు ఇల్లంతా ఒకసారి చూశాడు. ఏటా ఈపాటికి హాల్లో పిల్లలకు పరుపులు పరిచి ఉండేవి. కిటికీలకు తడి దుప్పట్లు వేలాడుతుండేవి. ఫ్రిజ్ తలుపు తీస్తే పుచ్చకాయ ముక్కలు కోసి ఉండేవి. ఇప్పుడు హాలు కడిగి ఆరబెట్టినట్టుంది. బీరువా తలుపు ఓరగా తీసి ఉంది, లోపల అరలు ఖాళీ.

"అసలు ఎవరింటికి వెళ్తున్నావమ్మా?"

"ఎవరింటికీ కాదు. సముద్రం దగ్గరికి."

"ఎవరితో?"

"ఎవరితోనూ కాదు."

కొడుకు నవ్వాడు. పెద్దవాళ్లు ఏదైనా అంటే చిన్నవాళ్లు నవ్వే నవ్వొకటుంది చూశారూ, అది. "అమ్మా, దానికి చెప్పు, నీకు లేనిపోని ఊహలు ఎక్కించొద్దని. దాని ఆఫీసు ప్యాకేజీలు బయట అమ్ముకోమను."

"నాకేం తెలీదని చెప్పమ్మా. నేనసలు టికెట్టే ఇవ్వలేదు."

సిస్టరమ్మ చీర మడత పెడుతూ ఉండిపోయింది. ఇటు మాట అటు అందించలేదు, అటు మాట ఇటు అందించలేదు. ఇన్నేళ్లలో ఇలా జరగడం ఇదే మొదలు. ఇద్దరూ తమ మాట అందుతుందని ఎదురుచూసి, అందకపోయేసరికి ఏం చెయ్యాలో తోచక దిక్కులు చూశారు.

చివరికి కూతురే తగ్గింది. "సరేమ్మా, వెళ్లు. నాలుగు రోజులు తిరిగిరా. అందాకా పిల్లలతో నేనిక్కడే ఉంటాను. ఎలాగోలా సెలవు పెట్టుకుంటాను."

"ఇక్కడ కుదరదు. ఇల్లు ఇచ్చేశాను."

"ఇచ్చేయడమేంటి?"

"వేసవి అయ్యేదాకా ఒక డాక్టరమ్మ ఉంటుంది. ఇవాళే దిగుతోంది. ఆవిడింట్లో నేనుంటాను."

కొడుకు కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. "ముక్కూ మొహం తెలియని మనిషిని తెచ్చి మనింట్లో పెడతావా?"

"మనిల్లు కాదు నాన్నా. నా ఇల్లు. నైట్ డ్యూటీలు చేసి కట్టుకున్నాను."

ఆ మాట ఆవిడ గట్టిగా అనలేదు. కొళాయి కట్టేస్తూ చెప్పినంత మామూలుగా అంది. అందుకే ఇంకా గట్టిగా తగిలింది. కొడుకు లేచి దగ్గరికొచ్చి, చెల్లెలికి వినపడకూడదని గొంతు తగ్గించాడు. "అమ్మా, నా పరిస్థితి తెలిసి కూడా ఇలా చేస్తే ఎలా?"

తగ్గించాడు గానీ గది చిన్నది. "నా సంగతి నీకొక్కదానికే కదమ్మా చెప్పుకున్నాను, నువ్వూ వదిలేస్తే ఎవరున్నారు నాకు?" అంది ఇటునుంచి కూతురు.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఆపైన ఇద్దరి నోటా ఒక్కసారే వచ్చింది.

"దానికేమైందమ్మా?"

"అన్నయ్యకేమైందమ్మా?"

సిస్టరమ్మ చీర పక్కన పెట్టింది. ఆవిడ ముఖంలో ఒక మార్పు వచ్చింది. అది ఆసుపత్రిలో కొత్త నర్సులు చూసి భయపడిన ముఖం. "నువ్వు మంచానికి అటు వెళ్లు. నువ్విటు నిలబడు" అంది.

వార్డులో డ్యూటీ దిగేముందు ఒక పద్ధతి ఉంటుంది. దిగే నర్సు మంచానికి ఒక పక్క, ఎక్కే నర్సు ఇంకో పక్క నిలబడాలి. ఈమె రోగి సంగతి చెప్పాలి, ఆమె అదే మాట తిరిగి చెప్పాలి. తప్పు లేకుండా తిరిగి చెప్పేదాకా ఎవరూ కదలకూడదు. దిగే మనిషికి ఎంత ఆలస్యమైనా, బయట వర్షం పడుతున్నా సరే. సిస్టరమ్మ వార్డులో ఈ పద్ధతి తప్పినవాళ్లు ఏడ్చిన రోజులున్నాయి.

"అమ్మా, ఇదేం ఆసుపత్రా?" అన్నాడు కొడుకు.

"కాదు, తెలుసు. ఆసుపత్రిలో అయితే డ్యూటీ అయ్యాక ఇంటికి పోనిచ్చేవాళ్లు. నిలబడు."

నిలబడ్డారు. మంచం మీద రోగి స్థానంలో సూట్‌కేసు నోరు తెరుచుకుని ఉంది.

"నాతో చెప్పింది ఇప్పుడు దానితో చెప్పు. నీ బదులు నేను చెప్పను, అది నా సంగతి కాదు."

కొడుకు చాలాసేపు దుప్పటి అంచు కేసి చూశాడు. పెరట్లోంచి పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి. "ఫ్యాక్టరీ మూసేశారు" అన్నాడు ఆఖరికి. "చలికాలంలోనే. మీ వదిన జీతంతో నడుస్తోంది. నేను పని వెతుక్కుంటూ తిరుగుతున్నాను."

"తిరిగి చెప్పు" అంది సిస్టరమ్మ కూతురితో.

"అమ్మా..."

"తిరిగి చెప్పు."

"అన్నయ్య ఫ్యాక్టరీ మూసేశారు. వదిన జీతంతో..." అంటుండగానే ఆ పిల్లకు ఏడుపొచ్చేసింది. అన్నయ్యది ఏ చీకూచింతా లేని బతుకని, తన పిల్లల పుట్టినరోజుకు రాకపోవడం వాడి పొగరని, నెలల తరబడి లోలోపల ఉడుక్కున్న మనిషి అది. ఆ మాటలు తన నోటితో తను పలకాల్సి వచ్చేసరికి తట్టుకోలేకపోయింది.

"ఇప్పుడు నువ్వు."

"ఆయన ఇంట్లో ఉండట్లేదు" అంది కూతురు కళ్లు తుడుచుకుని. "వేరే గది తీసుకున్నాడు. క్యాంపుకెళ్లారని పిల్లలకు చెబుతున్నాను. పెద్దాడు నమ్మట్లేదు."

"తిరిగి చెప్పు."

కొడుకు తిరిగి చెప్పలేదు. మంచం మీదుగా చెల్లెలి ముఖంలోకి చూస్తూ, "ఎప్పట్నుంచే?" అన్నాడు.

అమ్మను అడగలేదు, చెల్లెలినే అడిగాడు. సిస్టరమ్మ కన్నార్పకుండా చూసింది. పద్ధతి ప్రకారం తప్పే, కానీ ఈ ఒక్కసారికి వదిలేసింది.

ఇక్కడితో అంతా సర్దుకుందని మీరనుకుంటే మీకు పిల్లలు లేరన్నమాట. అన్నాచెల్లెళ్లు కాసేపు మాట్లాడుకున్నారు. ఒకరి కష్టం ఒకరు విన్నారు, ఒకరినొకరు ఓదార్చుకున్నారు. అయ్యాక ఇద్దరూ కలిసి తల్లివైపు తిరిగారు.

"చూశావా అమ్మా, మా ఇద్దరి పరిస్థితీ ఇలా ఉంది" అన్నాడు కొడుకు. "ఇలాంటప్పుడు నువ్వెలా వెళ్తావ్?"

"అవునమ్మా. వచ్చే ఏడు వెళ్దువుగాని. నేనే దగ్గరుండి పంపిస్తాను."

ఇన్నాళ్లూ వేరువేరుగా లాగినవాళ్లు ఇప్పుడు ఒక్కటై లాగుతున్నారు. సిస్టరమ్మకు ఒళ్లు మండింది.

"జబ్బు మీకుంటే మందు నేను మింగాలా?" అంది. "డ్యూటీలో ఉన్నన్నాళ్లూ ఎండాకాలం సెలవంటే ఏంటో నాకు తెలీదు. చిన్నపిల్లలున్న నర్సులు ఇంటికి పోవాలని నేనే ఉండిపోయేదాన్ని. రిటైరయ్యాను, మీ పిల్లలు వచ్చారు. వాళ్లంటే నాకు ప్రాణం, అది మీరు నాకు గుర్తు చెయ్యక్కర్లేదు. కానీ 'అమ్మా, నీకు ఎక్కడికైనా వెళ్లాలనుందా' అని ఒక్కరడిగారా? నువ్వు టికెట్లమ్మే ఉద్యోగం చేస్తున్నావు కదే. ఈ వీధి చివర కిరాణా కొట్టాయన్ని కూడా కొండలు చూసి రమ్మని పంపించావు."

"నువ్వెప్పుడూ అడగలేదు కదమ్మా."

"ఇప్పుడు అడుగుతున్నాను. కాదు, అడగట్లేదు. చెబుతున్నాను. వెళ్తున్నాను."

సూట్‌కేసు మూత నొక్కి తాళం వేసింది. సగం కోపం, సగం భయం. ఇవాళ ఈ గుమ్మం దాటకపోతే ఇంకెప్పటికీ దాటలేనని ఆవిడ భయం. ఏటా ఎవరికో ఒకరికి ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది, అది నిజమే అయి ఉంటుంది కూడా. మోకాళ్లు మాత్రం అందాకా ఆగవు.

కొడుకు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, పిల్లల్ని ముగ్గురినీ మా ఇంట్లో ఉంచమని దానికి..." అని ఆగిపోయాడు. తల్లి కిటికీలోంచి బయటికి చూస్తోంది. తప్పదనుకుని చెల్లెలివైపు తిరిగాడు. "మీవాళ్లను మా ఇంటికి తీసుకురా. పగలు నేనే చూస్తాను. పని దొరికిననాడు చూద్దాం. నువ్వు కూడా రాత్రికి అక్కడికే వచ్చెయ్."

"వదిన ఏమంటుందో."

"దాన్నే అడుగుదాం, ఫోన్ చెయ్యి."

"నువ్వు చెయ్యన్నయ్యా."

అలా ఎవరు చెయ్యాలో వాదులాడుకుంటుండగా వీధిలో టాక్సీ ఆగింది. పళ్ల డాక్టరమ్మ దిగింది. సన్నగా పొడుగ్గా ఉంది, ప్రయాణం బడలికతో కళ్లు లోతుకు పోయాయి. సామాను మాత్రం దించలేదు. గేటు పట్టుకుని అక్కడే నిలబడింది.

సిస్టరమ్మ ఎదురెళ్లింది. "రండి డాక్టరమ్మా, మీ కోసమే చూస్తున్నాను."

"సిస్టరమ్మగారూ, మీరు బయల్దేరకముందే కలవాలని తిన్నగా వచ్చేశానండి" అంది డాక్టరమ్మ. "మా ఇల్లు ఖాళీ కాలేదు."

"ఎవరున్నారు?"

"మా అమ్మ. ఈ వేసవికి మా అక్క దగ్గర ఉంచుదామనుకున్నాను, అక్క కూడా సరేనంది. తెల్లారి కారు వచ్చి నిలబడేసరికి అమ్మ లోపల్నుంచి గడియ పెట్టేసుకుంది. కదలనంటోంది. కొత్తవాళ్లెవరైనా గేటు దాటితే మేడ మీంచి బకెట్టు నీళ్లు కుమ్మరిస్తానంది. ఇరుగుపొరుగువాళ్లు కూడా చెప్పి చూశారు. ఎవరి మాటా వినట్లేదు."

"ఇల్లు నాకిస్తున్నట్టు ఆవిడకి ముందే చెప్పారా?"

"నిన్న సాయంత్రం చెప్పానండి."

"చెప్పారు సరే. అడిగారా?"

డాక్టరమ్మ కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. అదే జవాబు.

వెనక గుమ్మంలో నిలబడి అంతా విన్న కొడుకు ముఖం విప్పారింది. "ఇంకేం, గొడవ వదిలింది. సామాను లోపల పెట్టేస్తాను పదమ్మా" అని సూట్‌కేసు అందుకున్నాడు. కూతురు కూడా తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ఎండ మీద పడుతోంది. లోపల ఫ్యాన్ తిరుగుతోంది, పిల్లలు ఆడుకుంటున్నారు. ఒక్క అడుగు వెనక్కి వేస్తే చాలు, అంతా ఏటేటా ఉన్నట్టే ఉంటుంది. ఎవరూ ఆవిణ్ని తప్పుపట్టరు. ఆవిడ చెయ్యగలిగినంతా చేసిందనే అంటారు.

సిస్టరమ్మ కొడుకు చేతిలోంచి సూట్‌కేసు లాక్కుంది.

"డాక్టరమ్మా, మీ సామాను దించుకోండి. నా మాట మాటే, ఇల్లు మీదే. పెరట్లో కొళాయి కాస్త కారుతుంది, గట్టిగా తిప్పకండి. గ్యాస్ కొత్తది."

"మరి మీరెక్కడుంటారండీ? అక్కడ ఆవిడ తలుపు తియ్యదు."

"ఎందుకు తియ్యాలి? నేనైనా తియ్యను. ఒకసారి ఫోన్ కలపండి."

డాక్టరమ్మ తటపటాయిస్తూ ఫోన్ కలిపి ఇచ్చింది. అవతల చాలాసేపు మోగింది. ఎత్తారు గానీ మాట లేదు, ఊపిరి మాత్రం వినపడుతోంది.

"నేనండీ, ఆ కొత్తదాన్ని" అంది సిస్టరమ్మ. "మీ ఇల్లు మిమ్మల్ని అడక్కుండా తీసుకున్నదాన్ని. నాకు తెలీదు, తెలిస్తే ఒప్పుకునేదాన్ని కాదు. గడియ తియ్యకండి. ఎవరొచ్చి బతిమాలినా తియ్యకండి. నాకు సముద్రం చూడాలనుంది, అంతే. మీ ఇల్లు నాకొద్దు. అరుగు మీద కూర్చోనిస్తే చాలు."

అవతల నుంచి బొంగురు గొంతు ఒకటి, చాలా మెల్లగా అడిగింది. "మా అమ్మాయి పక్కనే ఉందా?"

సిస్టరమ్మ ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా నొక్కి, నాలుగడుగులు పక్కకు నడిచింది. "లేదు, చెప్పండి."

"అయితే అరుగు దాకా వద్దు, పెరటి వైపు రా. మూడుసార్లు తట్టు. ఇల్లు ఇవ్వనని నేనెందుకు అన్నానో వచ్చి కళ్లారా చూద్దువుగాని. లోపల నేనొక్కదాన్నే లేను."

ఫోన్ పెట్టేసిన చప్పుడయింది.

సిస్టరమ్మ ఫోన్ తిరిగి ఇచ్చేసింది. డాక్టరమ్మ, కొడుకు, కూతురు ముగ్గురూ ఆవిడ ముఖంలోకే చూస్తున్నారు.

"ఏమందండీ మా అమ్మ?"

"రమ్మంది" అంది సిస్టరమ్మ. డాక్టరమ్మ సామాను దించి కింద పెట్టి, తన సూట్‌కేసు తనే ఎత్తి టాక్సీలో పెట్టుకుని, తలుపు వేసుకుని, డ్రైవరును బస్టాండుకు పొమ్మంది.